మీ ఆఫీసు ఇంటికొచ్చింది, మా పని పెరిగింది

అపార్ట్‌మెంట్లలో, గేటెడ్ కాలనీల్లో ఉంటున్న అమ్మలకు, అయ్యలకు, అసోసియేషన్ పెద్దలకు, మాలాగే ఇళ్లలో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లకు,

రోజూ పొద్దున మీ తలుపు కొట్టేది మేమే. గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బట్టలు ఆరేసి వెళ్లేది మేమే. ఇన్నేళ్లలో మీతో ఎన్నో మాటలు చెప్పుకున్నాం. మీ పిల్లల పరీక్షల గురించి మాట్లాడుకున్నాం, మా పిల్లల జ్వరాల గురించి మాట్లాడుకున్నాం. ఈ ఒక్క మాట మాత్రం ఎవరికి వాళ్లం అడగలేకపోయాం. ఒక్కతే అడిగితే "రేపటి నుంచి రాకు" అంటారని భయం. అందుకే అందరం కూర్చుని ఈ కాగితం రాయించాం. గేటు దగ్గర చేతికిచ్చినప్పుడు మడిచి జేబులో పెట్టుకోకండి, చదవండి.

2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. ఒక్కరోజు ఇంట్లో ఉంటే చాలనుకుని, సోమవారం పనికి పోదామని పడుకున్నాం. సోమవారం హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు లేదు, సిటీ బస్సు లేదు. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. సిటీ బస్సులు మళ్లీ తిరిగింది సెప్టెంబరు 25న. ఎంఎంటీఎస్ పట్టాలెక్కింది 2021 జూన్ 23న, అంటే పదిహేను నెలల తరువాత. బోరబండలో ఎక్కి హైటెక్ సిటీలో దిగే మాకు ఐదు రూపాయల టికెట్టు ఉండేది. ఆ పదిహేను నెలలు షేర్ ఆటోకు ఇచ్చిన డబ్బులు మా జీతంలోంచే పోయాయి. ఆటో దొరకని రోజు నడిచాం.

లాక్‌డౌన్‌కు ముందు, మార్చి 19 రాత్రి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడుతూ, మీ దగ్గర పనిచేసేవాళ్లు రాలేకపోతే వాళ్ల జీతం కోయొద్దని కోరారు. ఆ మాట విని పాటించిన ఇళ్లున్నాయి. రెండు నెలలు మేం గడప తొక్కకపోయినా ఫోన్‌పే చేసిన అమ్మలున్నారు, వాచ్‌మన్ చేత బియ్యం, పప్పు పంపించిన పెద్దాయనలున్నారు. వాళ్లను మేం మరిచిపోలేదు, మరిచిపోము. కానీ మాలో ఎక్కువమందికి ఏప్రిల్ జీతం రాలేదు. "నువ్వు రాలేదు కదా" అన్నారు. రానివ్వనిది గేటు, రాలేదన్న మాట పడింది మా మీద. తెల్ల కార్డున్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చింది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చి, కార్డు ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల బాధ ఇంకో రకం. బియ్యం తిన్నాం, నిజమే. ఇంటి అద్దె ఎక్కడి నుంచి కట్టాలి? పుస్తెలు కుదువ పెట్టి కట్టినవాళ్లం ఉన్నాం.

ఆ రోజులు గడిచిపోయాయి. వాటి కోసం ఈ కాగితం రాయడం లేదు. ఆ తరువాత వచ్చిన మార్పు ఇప్పటికీ పోలేదు, మా బాధ దాని గురించే.

మీ ఆఫీసు మీ ఇంటికి వచ్చేసింది. అంతకుముందు ఇల్లు ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. ఎనిమిదిన్నరకు కంపెనీ క్యాబ్ వచ్చేది, స్కూల్ బస్సు వచ్చేది. తొమ్మిదింటికల్లా ఇల్లు ఖాళీ. తాళం పక్కింటి పెద్దమ్మ దగ్గర తీసుకుని, కుర్చీలు టేబుల్ మీదికెత్తి, గది గదీ తుడుచుకుంటూ వచ్చేవాళ్లం. రాత్రి తిన్న కంచాలు, పొద్దున టిఫిన్ గిన్నెలు, నాలుగు కాఫీ గ్లాసులు. గంటలో పని అయ్యేది. అక్కడి నుంచి రెండో ఇల్లు, తరువాత మూడోది. ఒంటిగంటకు బస్తీకి చేరుకుని, బడి నుంచి వచ్చే పిల్లలకు అన్నం పెట్టేవాళ్లం.

ఇప్పుడు హాల్లో సారు మీటింగులో ఉంటారు. బెడ్‌రూమ్‌లో మేడమ్ మీటింగులో ఉంటారు. "చప్పుడు చేయకు" అని చెయ్యి ఊపుతారు. గిన్నె కింద పడితే కోపం వస్తుంది, మిక్సీ వేయకూడదు, ఫ్యాన్ ఆపి ఊడ్చకూడదు. "పదకొండు తరువాత రా" అంటారు. పదకొండింటికి మేం రెండో ఇంట్లో ఉండాలి. మొదటి ఇంట్లో అరగంట ఆగితే రెండో ఇంటికి ఆలస్యం, రెండో ఇంట్లో మాట పడి మూడో ఇంటికి పరుగు. మధ్యలో కూర్చోడానికి మెట్లే దిక్కు. ఒకరి మీటింగు మారితే ముగ్గురి ఇళ్లల్లో మాకే తిట్లు.

గిన్నెల సంగతి చెప్పాలంటే మా చేతులు చూపించాలి. ఇంట్లో నలుగురూ ఉంటే మూడు పూటలా వంట, గంటగంటకూ టీ కప్పు. మధ్యాహ్నం క్యాంటీన్లో తినే అన్నం ఇంట్లో తింటున్నారు, ఆ కుక్కరు, ఆ బాండీ, ఆ కంచాలు సింకులోకే వస్తున్నాయి. సాయంత్రం యాప్‌లో తెప్పించుకున్న బిర్యానీ డబ్బాలు కడిగి దాచమంటారు. ఇల్లు రోజంతా వాడుకలో ఉంటే బాత్రూమ్ రెండుసార్లు కడగాలి. పని ఇంత పెరిగింది, జీతం మాత్రం పాత లెక్క మీదే. కొన్ని ఇళ్లల్లో 2020లో "ఇప్పుడు మాకూ జీతాలు కోశారు" అని తగ్గించిన ఐదువందలు మళ్లీ కలపనేలేదు. మీ జీతాలు తరువాత పెరిగాయి కదమ్మా.

హైబ్రిడ్ అని ఇంకో పద్ధతి వచ్చింది. వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. ఏ రోజు ఏదో మీకే రాత్రి దాకా తెలియదు. పొద్దున ఆరింటికి మెసేజ్ వస్తుంది, "ఇవాళ ఏడింటికల్లా రా" అని. ఆ ఏడింటికి మా పిల్లలు లేచి ఉండరు. వాళ్లకు జడ వేసేదెవరు, పాలు కాచేదెవరు? ఆన్‌లైన్ చదువుల కాలంలో దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చేటప్పుడు ఒక్క టీవీ ముందు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి, తలుపు బయట గొళ్లెం పెట్టి పనికి వచ్చినవాళ్లం మేం. మళ్లీ ఆ అవస్థ మాకు వద్దు.

ఉద్యోగం చేసే అమ్మలకు ఒక మాట. మీ కష్టం మాకు తెలుసు. రాత్రి పదింటికి అమెరికా వాళ్లతో కాల్ మాట్లాడుతూ పిల్లవాడికి అన్నం తినిపించడం మేం కళ్లారా చూశాం. ఆఫీసు ఇంట్లోకి వచ్చాక మీకూ వేళాపాళా లేకుండా పోయింది. మీ మీద మాకు కోపం లేదు. అయితే మీ పని పద్ధతి మారినప్పుడు మీ కంపెనీ మీకు కాగితం పంపింది. వారంలో ఎన్ని రోజులు రావాలి, ఎన్ని రోజులు అక్కర్లేదు అని రాసి ఇచ్చింది. ఇంటి నుంచి పని చేసుకునే వీలు కోసం 2020 నవంబరులో కేంద్ర టెలికం శాఖ తన నిబంధనలే సడలించింది. మీ కోసం ఢిల్లీలో రూల్సు మారాయి. మా పనివేళలు, మా పని భారం కూడా ఆ దెబ్బకే మారాయి. మాతో మాత్రం కూర్చుని మాట్లాడినవాళ్లు లేరు.

ఇక గేటు సంగతి. కరోనా రోజుల్లో నుదుటికి మిషన్ పెట్టి వేడి చూశారు, చేతిలో శానిటైజర్ పోశారు. మాకూ పిల్లలున్నారు, మాకూ భయమే, ఒప్పుకున్నాం. వేరే లిఫ్టులో వెళ్లమన్నారు, రోగం కదా అనుకుని వెళ్లాం. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. వేడి చూసే మిషన్ పోయింది, శానిటైజర్ సీసా పోయింది. లిఫ్టు దగ్గర "పనివాళ్లు వాడరాదు" అన్న కాగితం మాత్రం చాలా చోట్ల అలాగే అంటించి ఉంది. ముట్టుకున్న వస్తువుల నుంచి ఈ వైరస్ అంటుకునే ముప్పు తక్కువని, ప్రధానంగా ఊపిరి, గాలి ద్వారానే సోకుతుందని 2021కే తేల్చారు. మరి ఆ కాగితం ఎవరిని ఎవరి నుంచి కాపాడుతోంది? మీ వంటింట్లో, మీ పడగ్గదిలో, మీ పసిబిడ్డ ఊయల పక్కన తిరిగే మనిషి మీ లిఫ్టులో ఎందుకు నిలబడకూడదు?

బాత్రూమ్ గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాం. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నాలుగు ఇళ్లల్లో బాత్రూములు కడుగుతాం, ఒక్కదాన్నీ వాడుకోనివ్వరు. నీళ్లు తాగితే ఇబ్బంది అని దాహం చంపుకుంటాం. మాలో చాలామందికి మూత్రంలో మంట, నడుంనొప్పి. నెలసరి రోజుల్లో పడే యాతన ఆడవాళ్లు మీకు చెప్పనక్కర్లేదు. కరోనా కంటే ముందు కూడా ఇది ఉంది, కరోనా వచ్చాక తెరిచి ఉన్న ఒకటి రెండు తలుపులూ మూసుకున్నాయి. పనిమనుషుల బాత్రూమ్ ఉన్న అపార్ట్‌మెంట్లలో కూడా దానికి తాళం వేసి సామాన్లు పెడుతున్నారు.

మమ్మల్ని మనుషులుగా, కార్మికులుగా లెక్కపెట్టిన చట్టాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటి పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టంలో మమ్మల్ని చేర్చారు. పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల గురించి 2013లో చేసిన చట్టం మీ ఇంటిని కూడా మా పనిచోటుగానే చెప్పింది, జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చంది. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ల కోసం 189వ ఒప్పందం తెచ్చింది. మన దేశం దానికి ఓటు వేసింది, ధ్రువీకరించడం మాత్రం నేటికీ చేయలేదు. తమిళనాడులో మాలాంటివాళ్లకు సంక్షేమ బోర్డు ఉంది, మహారాష్ట్ర 2008లో దానికి చట్టమే చేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటి పనివాళ్లకు చట్టం తెచ్చే విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. చట్టం రావాలి, బోర్డు రావాలి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీస వేతనం నేటి ధరలకు తగ్గట్టు ఉండాలి. దాని కోసం ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉంటాం. కానీ మీ ఇంట్లో మీరు చేయగలిగినదానికి ఏ జీవో కోసమూ ఎదురు చూడక్కర్లేదు.

మేం అడుగుతున్నది ఇది. పని ఎంత పెరిగిందో ఒక్కసారి మాతో కూర్చుని లెక్క చూడండి, దాని ప్రకారం జీతం మాట్లాడి ఒక కాగితం మీద రాసుకుందాం, ఏడాదికోసారి పెంచుదాం. నెలకు నాలుగు రోజులు సెలవు ఇవ్వండి, ఆ రోజులకు జీతం కోయొద్దు. మీకు శని ఆదివారాలున్నాయి, మేం ఒక్క ఆదివారం రాకపోతే అది "నాగా" అవుతోంది. జ్వరం వచ్చినా నాగాయే, చావు జరిగినా నాగాయే. జ్వరంతో పనికి రావడం ఎవరికీ మంచిది కాదని కరోనా అందరికీ నేర్పింది కదా, జబ్బు చేసిన రోజు జీతం కోస్తే మేం జ్వరంతోనే వస్తాం. వేళ మారితే ముందురోజు సాయంత్రానికి చెప్పండి. మీ మీటింగు వల్ల మేం ఆగిన గంటను పని గంటగా లెక్కపెట్టండి. మీరు ఊరెళ్లిన నెల జీతం ఇవ్వండి, మా కడుపు ఊరెళ్లదు. మళ్లీ ఏ రోగమో వచ్చి గేట్లు మూస్తే, మూసినన్నాళ్లూ జీతం ఆగదని అసోసియేషన్ తీర్మానం రాసిపెట్టండి. లిఫ్టు దగ్గర కాగితం చింపేయండి. బాత్రూమ్ తాళం తీయండి.

ఈ చివరి రెండింటికీ ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఇవాళ సాయంత్రమే చేయొచ్చు.

అక్కా, చెల్లీ, ఇప్పుడు మనలో మన మాట. పక్క బ్లాకులో మూడు వేలకు చేసే ఇంటిని "నేను రెండున్నరకు చేస్తా" అని ఎవరూ పట్టుకోవద్దు. ఒకామెను తీసేసిన ఇంటికి, ఆమెతో మాట్లాడకుండా ఇంకొకరు వెళ్లొద్దు. లాక్‌డౌన్‌లో గిన్నెలు కడిగే మిషన్లకు గిరాకీ పెరిగింది, ఇప్పుడు పది నిమిషాల్లో పనిమనిషిని పంపే యాప్‌లు పెద్ద నగరాల్లోకి వచ్చాయి. వీటిని చూపించి మనల్ని బెదిరిస్తారు. విడివిడిగా ఉంటే భయపడతాం, ఒకే గేటులో పనిచేసే నలభై మందిమి కలిసి ఉంటే మాట్లాడగలుగుతాం. ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి. 16 నుంచి 59 ఏళ్ల వయసు ఉండి, పీఎఫ్, ఈఎస్ఐ లేని అసంఘటిత కార్మికులు ఎవరైనా ఉచితంగా నమోదు కావచ్చు. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోను పట్టుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. మళ్లీ కష్టం వచ్చిన రోజు, మనం ఎంతమందిమి ఉన్నామో ప్రభుత్వానికి తెలియాలంటే మన పేర్లు ముందే రాసి ఉండాలి. ఏ రోజు ఏ ఇంటికి ఎన్నింటికి వెళ్లామో, ఎన్నింటికి వచ్చామో పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. జీతం మాట్లాడేటప్పుడు ఆ లెక్కే మనకు బలం.

జూన్ 16 అంతర్జాతీయ ఇంటి పనివాళ్ల దినం. ఆ రోజు మధ్యాహ్నం మూడు తరువాత అందరం పని ముగించుకుని, ఎవరి అపార్ట్‌మెంటు గేటు ముందు వాళ్లం ఒక గంట కూర్చుంటాం. నినాదాలు ఉండవు, దారికి అడ్డం ఉండదు. మీరు కిందికి దిగి రండి, మాతో కూర్చోండి. అంతకంటే ముందు మీ అసోసియేషన్ మీటింగులో ఈ కాగితం చదివి వినిపించండి, ఆ మీటింగుకు మాలో ఇద్దరిని పిలవండి. కుర్చీ వేసి పిలవండి.

ఇట్లు,
మీ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లం
హైదరాబాద్