కుటుంబ వాహనం: వెనక సీటు ఎవరిది?

ఈ మధ్య చిల్పూరు మండలంలో ఒక ఇంట్లో వ్యాను కొనే విషయమై చర్చ జరుగుతుంటే విన్నాను. ఇంట్లో ఏడుగురు. మోకాళ్ల నొప్పులున్న అత్త, మామ, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, పెట్రోలా సి.ఎన్.జి.యా, నెలకు కిస్తు ఎంత, రేపు అమ్మితే ఎంత వస్తుంది అని గంటసేపు మగవాళ్లే మాట్లాడారు. ఎవరెక్కడ కూర్చుంటారని నేను కోడలిని అడిగాను. "ఆఖరి సీట్ల నేనూ పిల్లలే గద మేడం. దిగాల్నంటే ముందటోళ్లు దిగినంక దిగాలె" అంది.

ఇంట్లో ఆఖరున తినేది ఎవరో బండిలో ఆఖరి వరుసలో కూర్చునేదీ వాళ్లే. కుటుంబం అనే మాట ఈ తేడాను కనిపించనివ్వదు.

మనకు వ్యాను కొత్త కాదు. 1984లో వచ్చిన మారుతి వ్యాను ఓమ్నిగా పేరు మార్చుకుని, 2019లో తయారీ ఆగేదాకా కిరాయి బండిగా, బడి బండిగా, అంబులెన్సుగా తిరిగింది. 2010లో వచ్చిన ఈకో ఆ స్థానం తీసుకుంది. ధర తక్కువ, మనుషులూ మూటలూ పడతాయి, మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోవచ్చు. అయితే 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని ఈకోను ఢీకొట్టించి పరీక్షించినప్పుడు, పెద్దవాళ్ల రక్షణలో దానికి ఒక్క నక్షత్రం కూడా రాలేదు. మన దేశంలో ఎయిర్‌బ్యాగు 2019 జూలైలో మొదట డ్రైవరు సీటుకు తప్పనిసరి అయింది, ఆ తరవాత పక్క సీటుకు. చట్టం కూడా ముందు వరుస నుంచే లెక్క మొదలుపెట్టింది.

అసలు ఈ పరీక్షల్లో కూర్చోబెట్టే బొమ్మ ఎవరిది? దశాబ్దాలుగా ప్రధానంగా వాడుతున్నది సగటు మగవాడి కొలతల బొమ్మ. స్త్రీ పేరుతో వాడేది చాలావరకు దాన్నే కుదించి చేసిన చిన్న బొమ్మ. సగటు స్త్రీ శరీరాన్ని ఆధారం చేసుకుని స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం తయారుచేసిన బొమ్మ 2022లో గానీ వెలుగులోకి రాలేదు. సీటుబెల్టు పెట్టుకున్న డ్రైవర్లలో కూడా, మగవాళ్లతో పోలిస్తే స్త్రీలు తీవ్రంగా గాయపడే అవకాశం 47 శాతం ఎక్కువని 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం వారి అధ్యయనం తేల్చింది. వాళ్లు డ్రైవరు సీటులో ఉన్నవాళ్లు. ఒళ్లో పిల్లను పెట్టుకుని, బెల్టు లేకుండా ఆఖరి వరుసలో కూర్చున్న మన కోడలి సంగతి ఏమిటి?

ఇక యాజమాన్యం. సంఘం అప్పు మన పేరు మీద, ఆర్.సి. ఆయన పేరు మీద ఉంటే కిస్తు మనది, తాళంచెవి ఆయనది. అర్ధరాత్రి నొప్పులొస్తే, ఇంటి ముందు బండి ఉండీ నడిపేవాడు ఊళ్లో లేకపోతే మళ్లీ 108కే ఫోను చేయాలి. లైసెన్సు ఉన్న ఆడమనిషి లేని ఇంట్లో అది ఎంతవరకు కుటుంబ వాహనం?

ఇంకో ప్రమాదం ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఛార్జీ లేదు. ఎవరినీ డబ్బు అడగకుండా హన్మకొండ పోయి రావచ్చు. వాకిట్లోకి వ్యాను వచ్చాక "బస్సెందుకు, నేను తీస్కపోత" అనే మాట ప్రేమగానే మొదలవుతుంది. కొన్నాళ్లకు అదే అనుమతి అడగడంగా మారవచ్చు.

వ్యాను వద్దని నా వాదన కాదు. మోకాళ్లు పట్టేసిన అత్తకు, నిండు గర్భిణికి అది నిజంగా అవసరం. కొనేముందు ఆ ఇంటి ఆడవాళ్లు కూడా షోరూముకు పోవాలి. అత్త చీరతోనే ఎక్కి చూడాలి. మగవాళ్లు ఆఖరి వరుసలో పావుగంట కూర్చోవాలి. ప్రతి సీటుకూ బెల్టుందా, అది నడుముకేనా భుజం మీదుగా కూడానా, తలకు ఆనుడుందా అని చూడాలి. ఆర్.సి.లో ఎవరి పేరుంటుంది, డ్రైవింగు ఎవరు నేర్చుకుంటారు అన్నవి బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి. అప్పు గురించి మాట్లాడే సంఘం సమావేశంలోనే ఈ ప్రశ్నలూ వేద్దాం.