వంటింటి ముచ్చట్లు: సీసాలో గ్రీన్ టీ

మన సుగంధిపాల షర్బత్ సీసా పక్కన ఇప్పుడు గ్రీన్ టీ సీసా కూడా చేరింది. షర్బత్‌లో ఒక చుక్క, పాలపొడి మిక్సులో ఒక చుక్క! మంచిదే. అయితే ముందు సీసా మీది చీటీ చదవండి.

ఉత్త "ఫ్లేవరింగ్" అని ఉంటే అందులో తేయాకు ఉండి తీరాలని లేదు. "నేచురల్ గ్రీన్ టీ ఫ్లేవరింగ్" అంటే, ఆ వాసన ద్రవ్యంలో కనీసం 95 శాతం తేయాకు నుంచే రావాలని ఇక్కడి నిబంధన. "ఎక్స్‌ట్రాక్ట్" సంగతి వేరు. అది ఆకు సారం. కాటెకిన్లు, చాలావాటిలో కెఫీన్ కూడా, అందులో చిక్కగా ఉంటాయి. సప్లిమెంట్ల రూపంలో ఇ.జి.సి.జి. అనే కాటెకిన్ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయానికి చేటు జరిగే సూచనలున్నాయని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ తేల్చింది. కనుక ఎక్స్‌ట్రాక్టును ఎసెన్సులా చేతికొచ్చినట్టు పోయకండి. పిల్లల మిక్సులో అసలే వద్దు.

ఇక చేసే విధానం. ద్రవాన్ని నేరుగా పాలపొడిలో వేస్తే ఉండలు కడుతుంది. 200 గ్రాముల పంచదారలో నాలుగు చుక్కలు వేసి, వేళ్ళతో బాగా నలిపి, పళ్ళెంలో పలచగా ఆరబెట్టండి. తర్వాత పాలపొడి, ఏలకుల పొడి కలిపి గట్టి మూత డబ్బాలో పోయండి. చాలకపోతే మరో చుక్క వేయవచ్చు, ఎక్కువైతే తీయలేం. పాయసంలో వేసేటట్లయితే పొయ్యి మీంచి దించి, వేడి తగ్గాక కలపండి. మరుగుతుంటే వాసన ఆవిరితో పోతుంది.

ఆకుతోనే చేసుకుంటారా? మన స్టీవెనేజ్ కుళాయి నీళ్ళు సుద్దరాతి పొరల్లోంచి వచ్చేవి, కెటిల్‌లో తెల్లటి పెచ్చులే సాక్ష్యం. ఆ నీటిలో గ్రీన్ టీ రంగు మారుతుంది, పైన తెట్టె కడుతుంది. ఫిల్టర్ జగ్గు నీళ్ళు వాడండి. 70–80 డిగ్రీల వేడి చాలు, మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కుతుంది.

చివరగా శాకాహారులకు ఒక మాట. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా తేయాకు అడ్డుపడుతుంది. రక్తహీనత ఉన్నవారు భోజనంతోపాటు టీ తాగక, గంటసేపు ఎడం పాటించండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము మరికాస్త బాగా పడుతుంది. మన పులిహోర ఊరికే పుట్టలేదు మరి!