రైల్లో నిద్ర - ఓ లోయర్ బెర్తు కథ

నెలకోసారైనా గోదావరి ఎక్స్‌ప్రెస్సులో హైదరాబాదు నుంచి విశాఖ వెళ్ళొచ్చే ప్రాణాన్ని నేను. "రైల్లో నీకు నిద్రెలా పడుతుందిరా బాబూ?" అని ఆఫీసులో అడుగుతుంటారు. పడుతుందండీ. దానికో శాస్త్రం ఉంది.

ముందు బెర్తు సంగతి. స్లీపరైనా, మామూలు థర్డ్ ఏసీ అయినా బెర్తు నంబరుని 8తో భాగించండి. శేషం 1, 4 వస్తే లోయరు. 2, 5 మిడిలు. 3, 6 అప్పరు. 7 సైడు లోయరు. 0 సైడు అప్పరు. నా ఓటు అప్పరుకే. ఎక్కగానే పడుకోవచ్చు, ఎప్పుడైనా లేవొచ్చు, అడిగేవాడుండడు. మిడిలు వాడు బెర్తు వెయ్యాలంటే రాత్రి పదింటిదాకా ఆగాలి (2017 దాకా తొమ్మిదే), పొద్దున్న ఆరింటికి దించెయ్యాలి. సైడు బెర్తులో నాలాంటి పొడుగువాడు కాళ్ళు ముడుచుకోవాల్సిందే. బోగీ చివర్లో వస్తే తలుపుల చప్పుడు, బాత్రూము వాసన ఉచితం. మధ్యలో 33 నుంచి 40 దాకా హాయి.

ఇక సరంజామా: దుప్పటి, గాలిదిండు, చెవుల్లోకి దూది, బ్యాగుకి గొలుసూ తాళం. తాళం దొంగ కోసం కాదు, మన మనశ్శాంతి కోసం. రాత్రి పది దాటాక ఫోన్లో గట్టిగా మాట్లాడకూడదు, పాటలు పెట్టకూడదు, నైట్ ల్యాంపు తప్ప లైట్లన్నీ ఆర్పెయ్యాలి అని 2022 జనవరిలో రైల్వేవాళ్ళు గట్టిగానే చెప్పారు. పక్క కూపేలో సినిమా చూసే మహానుభావుడికి చెప్పేదెవరు? స్టేషను దాటిపోతుందని భయమైతే 139కి ఫోన్ చేసి లేపమని చెప్పుకోవచ్చు.

ఇంత శాస్త్రం తెలిసినా నిద్ర పట్టని రాత్రి ఒకటుంది.

ఆసారి నాకు లోయర్ వచ్చింది. రెండ్రోజులుగా రిలీజు పనిలో కన్ను మూయలేదు. విజయవాడలో ఓ పెద్దావిడ, కొడుకూ కోడలూ ఎక్కారు. ఆవిడకి అప్పరు. "ఒకే టికెట్టు మీద ముగ్గురికీ తీశానమ్మా, ఇలా వచ్చింది" అంటున్నాడు కొడుకు. "బాబూ, మోకాళ్ళు..." అంటూ ఆవిడ నా వైపు వంగారు. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. నాకు అప్పరంటేనే ఇష్టం, అయినా లేవబుద్ధి కాలేదు. కొడుకు పట్టుకుని ఎక్కించాడు. రాత్రి రెండుసార్లు ఆవిడ మూలుగుతూ దిగడం, మళ్ళీ ఎక్కడం విన్నాను. తెల్లారి "బాగా నిద్ర పట్టినట్టుంది నాయనా" అన్నారు. అందులో వెటకారం లేదు. అదే బాధ.

తప్పు నాదే. కానీ టికెట్టు కొనే దగ్గర కూడా ఓ పొరపాటు జరుగుతోంది. 60 నిండిన మగవాళ్ళకీ, 45 నిండిన ఆడవాళ్ళకీ లోయర్ బెర్తు కోటా ఉంది. అయితే ఆ టికెట్టు మీద అలాంటివాళ్ళు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. మనం ప్రేమగా అమ్మానాన్నల్ని మన టికెట్టులోనే కలిపేస్తాం, ఆ కోటా కాస్తా పోతుంది. వాళ్ళకి విడిగా ఆ కోటాలో తియ్యండి. లేదా లోయర్ దొరికితేనే బుక్ చెయ్యమనే ఆప్షను పెట్టుకోండి. నిమిషం పని.

మాలాంటివాళ్ళు రాసే ప్రోగ్రాముకి వయసు తెలుస్తుంది గానీ మోకాళ్ళ నొప్పి తెలీదు. అది ఎదురుగా ఉన్న మనిషే చూడాలి. అందుకే ఇప్పుడు లోయర్ వస్తే పడుకునేముందు ఓసారి చుట్టూ చూస్తాను. అవసరమైనవాళ్ళుంటే ఇచ్చేసి పైకెక్కేస్తాను. ఎలాగూ నా ఓటు అప్పరుకే కదా :)

మరి ఆ రాత్రి మీరైతే లేచేవారా?