వేదిక నెక్కేదెవరు? – ప్రసంగాల ఎంపికపై నాలుగు మాటలు

పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి సాంకేతిక సమావేశాలతో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 34 సంవత్సరాలు నల్లబల్ల ముందు నిలబడి సంధులూ సమాసాలూ చెప్పిన నాకు, కంప్యూటరు మీద తెలుగు వ్రాయడం పట్టుబడిన తరువాతనే ఆ లోకంతో కొద్దిపాటి పరిచయం కలిగింది. ఆ పరిచయం పుణ్యమా అని నిరుడు ఒక బాధ్యత నెత్తిన పడింది. అందులో నేను చేసిన పొరపాటును ఒప్పుకోవడానికీ, దాని వలన తెలుసుకున్న సంగతిని విన్నవించడానికీ ఈ నాలుగు మాటలు.

నా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అభిమానులు జరుపుకొనే ఒక సమావేశానికి నిర్వాహకులలో ఒకడు. "మాస్టారూ, ఈసారి భారతీయ భాషల కోసం ఒక పూట కేటాయించాము. వచ్చిన ప్రతిపాదనలను మీరు కూడా చదివి మార్కులు వేయాలి" అన్నాడు. వచ్చినవి 38. చోటున్నది 7 ప్రసంగాలకు. పంపినవారి పేరు, ఊరు, ఉద్యోగం ఏవీ మాకు కనబడవు. ఒకటి నుండి ఐదు వరకు అంకె వేసి, క్రింద ఒక వాక్యం వ్రాయాలి. అంతే పని.

ఈ పద్ధతి నాకు కొత్త కాదు. పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దే శిబిరాలలో ఎన్నో వేసవులు గడిపినవాడిని. అక్కడా పత్రం మీద విద్యార్థి పేరుండదు, సంకేత సంఖ్య ఉంటుంది. అందుచేత, "ఇది మనకు వెన్నతో పెట్టిన విద్య" అనుకుని ఒప్పుకున్నాను. ఆ అతిశయమే నా కొంప ముంచింది.

అసలు ఇటువంటి సమావేశాలకు వక్తలను ఎన్నుకొనే విధానాలు స్థూలంగా మూడు. మొదటిది పిలుపు. నిర్వాహకులు తమకు తెలిసిన ఘనులను పిలిచి కూర్చోబెడతారు. మన కవిసమ్మేళనాలు చాలావరకు ఇట్లాగే నడుస్తాయి కాబట్టి దీనిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తెలిసినవారిని పిలిచినప్పుడు తెలిసినవారే వస్తారు. 2013లో మాంచెస్టరులో జరగవలసిన బ్రిటిష్ రూబీ సమావేశం సంగతి చూడండి. ప్రకటించిన వక్తలందరూ తెల్లజాతి పురుషులే కావడంతో విమర్శలు చెలరేగి, 2012 నవంబరులోనే నిర్వాహకులు దానిని రద్దు చేసుకున్నారు. వారి మనసులో ద్వేషమున్నదని నేననను. పరిచయాల వలయం ఎంత ఇరుకుగా ఉంటే జాబితా అంత ఇరుకుగా ఉంటుందన్నదే ఇక్కడి నీతి.

రెండవది ఓటు. అమెరికాలో ఆస్టిన్ నగరంలో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ వారు చాలా కాలం తమ లెక్కను బాహాటంగానే ప్రకటించేవారు. సలహామండలి మాటకు నూటికి 40 పాళ్లు, సిబ్బంది నిర్ణయానికి 30, ప్రజల ఓటుకు 30. మన దేశంలో పైకాన్ ఇండియా 2009లో బెంగుళూరులో మొదలైంది. 2018లోనూ, 2023లోనూ మన హైదరాబాదుకు వచ్చింది. అక్కడ కూడా ప్రతిపాదనలను అందరూ చూసేటట్లు ఉంచి, ఓట్లు వేయనిచ్చిన సంవత్సరాలున్నాయి. అందరూ చూడగలగడం మంచి గుణమే. కాని ఓటుకు ఒక జాడ్యం ఉంది. మిత్రబలగం ఉన్నవాడికి ఓట్లుంటాయి. మారుమూల పల్లెలో ఒంటరిగా పనిచేసేవాడికి విషయం ఉంటుంది, బలగం ఉండదు.

మూడవది తెర. పేర్లు దాచి, విషయాన్ని మాత్రం తూచడం. అమెరికా పైకాన్‌లో తొలి దశ పరిశీలకులకు పేర్లు కనబడేవి కావు. రెండవ దశలో ఒకే విషయానికి చెందిన ప్రతిపాదనలను ఒకచోట చేర్చి, వాటిలో మేలైనవి ఏరేవారు. అక్కడ మహిళలు చేసిన ప్రసంగాలు 2011లో నూటికి ఒకటి ఉండగా, 2014 నాటికి 33, 2016 నాటికి 40 అయ్యాయి. ఈ ఘనత అంతా తెరదే అనుకుంటే పొరపాటు. నిర్వాహకులు ఒక్కొక్కరినీ స్వయంగా పలకరించి, "మీరెందుకు పంపకూడదు?" అని అడిగి ప్రతిపాదనలు వ్రాయించారు. దరఖాస్తే పెట్టనివాడికి తెర ఏమి న్యాయం చేయగలదు?

బ్రసెల్స్ నగరంలో ఏటా జరిగే ఫాస్‌డెమ్‌లో మరొక సౌకర్యం ఉన్నది. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క గది. ఆ గది ప్రసంగాలను ఆ విషయంలో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలే ఎంచుకుంటారు. తూచేవానికి సరుకు తెలిసి ఉంటుందన్నమాట.

ఇక డబ్బిచ్చేవారి ప్రసంగాలున్నాయి. కాళిదాసు మాళవికాగ్నిమిత్రం చదివినవారికి గణదాసు, హరదత్తుల వివాదం గుర్తుండే ఉంటుంది. ఇద్దరు నాట్యాచార్యులలో ఎవరు గొప్ప అని పోటీ. తీర్పరి పరివ్రాజిక. పైకి అంతా ధర్మబద్ధమే. కాని ఆ పోటీ పెట్టించినది విదూషకుడు, రాజు మాళవికను కన్నులారా చూడడానికి. ఏ పోటీలోనైనా ఫలితం కంటె ముందు ప్రయోజనం నిశ్చయమై ఉంటే, తీర్పరి ఎంత పండితురాలైనా అది పోటీ కాదు. స్పాన్సర్ల ప్రసంగాలుండవచ్చు. హాలు అద్దె, భోజనాలు ఊరకే రావు కదా. కాని వాటికి "ఇది స్పాన్సరు ప్రసంగం" అన్న చీటీ తప్పక అంటించాలి. వాటిని ఎంపికైన వాటితో కలిపి కూర్చోబెట్టడం మాత్రం కూడదు.

ఇప్పుడు నా పొరపాటు సంగతి.

ఆ 38లో ఒక ప్రతిపాదన పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకాలను యూనికోడ్‌లోనికి మార్చడాన్ని గురించినది. నియమం ప్రకారం ఆంగ్లంలోనే ఉంది. ఆంగ్లం కుంటుతున్నది. కర్త ఒకచోట, క్రియ ఒకచోట. ఒక వాక్యం మొదలై ముగియకుండానే మరొకటి అందుకున్నది. నేను 2 వేశాను. "విషయం మంచిదే, వ్యక్తీకరణ దుర్బలం" అని వ్రాశాను. దాని ప్రక్కనే ఉన్న మరొక ప్రతిపాదన నున్నగా, నిగనిగలాడుతూ ఉన్నది. ఏమి చెప్పబోతున్నారో రెండుసార్లు చదివినా నాకు స్పష్టం కాలేదు. అయినా 4 వేశాను. నా ఆంగ్ల పాండిత్యం అంతంత మాత్రం కాబట్టి, అర్థం కాకపోవడం నా లోపమే అనుకున్నాను!

ఫలితాలు వెళ్లిన వారం రోజులకు ఒక ఫోను వచ్చింది. ఒకప్పుడు మా ఉన్నత పాఠశాలలో చదివిన అమ్మాయి. తెలుగు మాధ్యమం, ఆ తరువాత డిప్లొమా. ఇప్పుడు ఒక చిన్న పట్టణంలో అచ్చు పని చేసే దుకాణంలో ఉద్యోగం. "మాస్టారూ, ఒక సమావేశానికి వ్రాశాను, తీసుకోలేదు. ఎందుకో చెప్పలేదు. మీరు ఒకసారి విని తప్పెక్కడుందో చెబుతారా?" అని చదవడం మొదలుపెట్టింది. రెండవ వాక్యానికే నా గుండె జారిపోయింది.

చదవడం ఆపి తెలుగులో చెప్పమన్నాను. చెప్పింది. వలపలగిలక కంటికి హల్లు తరువాత కనబడుతుంది, పలకడంలో ఆ రేఫ ముందు వస్తుంది. పాత ఫాంట్లు కంటికి కనబడే వరుసను దాచుకున్నాయి, యూనికోడ్ పలికే వరుసను దాచుకుంటుంది. అందువలన అక్షరానికి అక్షరం మార్చితే చాలదు, వరుసనే తిరగవేయాలి. వత్తులు, గుణింతాలు కలిసినచోట ఎక్కడెక్కడ తప్పులు వస్తాయో తాను దిద్దిన పుస్తకాల నుండి ఉదాహరణలతో సహా పది నిమిషాలు చెప్పింది. బాలవ్యాకరణం పాఠం చెప్పినంత కాలమూ వలపలగిలకను గురించి నేను అంత శ్రద్ధగా ఆలోచించి ఉండలేదు. ఆ 38లో అంతకంటె గట్టి సరుకు మరొకటి లేదు.

దాచడం మర్యాద కాదనిపించింది. ఆ పరిశీలకులలో నేనొకడినని చెప్పాను. కొంతసేపు మాటలు లేవు. తరువాత, "తెలుగులో వ్రాసి ఉంటే ఎన్ని వేసేవారు మాస్టారూ?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. నిర్వాహకులకు ఆ రాత్రే లేఖ వ్రాశాను గాని, అప్పటికే కార్యక్రమం అచ్చుకు వెళ్లిపోయింది.

దిద్దుబాటు శిబిరాలలో పేరు కనబడకపోయినా దస్తూరి కనబడేది. ముత్యాల వంటి దస్తూరికి మాకు తెలియకుండానే ఒక మార్కు ఎక్కువ పడేది. ఇక్కడ ఆంగ్లమే ఆ దస్తూరి. పేరును దాచగలిగాము గాని, ఏ బడిలో చదివారో, ఇంట్లో ఏ భాష మాట్లాడారో వాక్యం వాక్యంలోనూ బయటపడుతూనే ఉన్నది. నేను విషయాన్ని తూచాననుకుని ఆమె చదివిన బడిని తూచాను. ఆ బడి మాదే.

"వక్తకు భాష రావద్దా?" అని కొందరు అడుగుతారు. రావాలి. అయితే ఏ భాష? వినేవారు తెలుగువారు, విషయం తెలుగు లిపి, చెప్పేది తెలుగమ్మాయి. మధ్యలో ఆంగ్లం కాపలాదారుగా నిలబడవలసిన పని ఏమిటి? పైగా అడిగితే యంత్రమే నున్నని ఆంగ్లంలో ప్రతిపాదన వ్రాసి ఇచ్చే రోజులివి. నునుపు ఇక ప్రతిభకు గుర్తు కానే కాదు.

అనుభవం మీద నాలుగు మనవులు. ఒకటి, ప్రతిపాదనలను మాతృభాషలో కూడా స్వీకరించండి. రెండు, విషయానికి వేరుగా, వ్యక్తీకరణకు వేరుగా మార్కులు వేయించండి. రెండవదానికి సందేహం ఉంటే మూడు నిమిషాలు మాట్లాడి పంపమనండి. మూడు, గడువుకు ముందే కొత్తవారి చిత్తుప్రతులు చదివి దిద్దిపెట్టే పెద్దలను ఏర్పాటు చేయండి. నాలుగు, తీసుకోనివారికి కారణం చెప్పండి. పదవ తరగతి తప్పిన పిల్లవాడికి కూడా ఏ విషయంలో తప్పాడో తెలుస్తుంది. 31 మందికి ఆ పాటి మర్యాద దక్కలేదు.

ఇవన్నీ స్వచ్ఛందంగా, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు మేలుకుని చేసే పనులని నాకు తెలుసు. మా వాడు పడిన శ్రమ కళ్లారా చూశాను. నిందించడానికి కాదు ఈ వ్రాత. నింద ఏదైనా ఉంటే మొదట నాకే చెందుతుంది.

ఈ సంవత్సరం కూడా చదివిపెట్టమని మా వాడు అడిగాడు. తెలుగు ప్రతిపాదనలు తీసుకొనేటట్లయితే సిద్ధమేనన్నాను. "కమిటీలో అడిగి చెబుతాను మాస్టారూ" అన్నాడు. ఇంకా చెప్పలేదు. ఆ అమ్మాయి మాత్రం తన ప్రతిపాదనను ఈసారి తెలుగులో వ్రాసి సిద్ధంగా ఉంచుకున్నది.

చదువరులలో ఇటువంటి కమిటీలలో పనిచేసినవారు ఉంటే తమ అనుభవాన్ని తెలియజేయ ప్రార్థన.

స్వస్తి.