అద్దాన్ని నమ్ముకుంటే

ఆఫీసులో డెస్క్‌టాప్, ఇంట్లో ల్యాప్‌టాప్, జేబులో పెన్‌డ్రైవ్. మూడింట్లోనూ ఒకే పేరుతో ఫైలు. ఏది తాజాది? ఈ తలనొప్పి పాతదే. దీనికి మందుగానే 1995లో విండోస్ 95తోపాటు మైక్రోసాఫ్ట్ 'బ్రీఫ్‌కేస్'ను ఇచ్చింది. ఫైళ్లను అందులో సర్ది ఇంటికి తీసుకెళ్లడం, మర్నాడు తెచ్చి సరిచూసుకోవడం. 2012లో విండోస్ 8 వచ్చేసరికి దానికి కాలం చెల్లింది. ఈలోగా 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ అనే ఆస్ట్రేలియన్లు రూపొందించిన ఆర్‌సింక్, ఫైలు మొత్తాన్ని కాకుండా మారిన ముక్కలనే పంపే కిటుకు చూపింది. సర్వర్లు నడిపేవారికి అది నేటికీ కుడిభుజమే. 2008లో డ్రాప్‌బాక్స్ జనంలోకి వచ్చాక సింక్ అన్నమాట ఇంటింటికీ చేరింది.

చిక్కల్లా, దాంతోపాటు చేరిన ఓ భరోసాతోనే. ఫైళ్లు రెండుచోట్ల ఉన్నాయి కాబట్టి భద్రమేనని చాలామంది ధీమా. కానీ సింక్ పని రెండు వైపులనూ ఒకేలా ఉంచడం, అంతవరకే. పిల్లాడు ఆటలో పడి ల్యాప్‌టాప్‌లోని పెళ్లి ఫోటోల ఫోల్డరును చెరిపేశాడనుకోండి. సాఫ్ట్‌వేర్ తు.చ. తప్పకుండా డెస్క్‌టాప్‌లోనూ చెరిపేస్తుంది. వైరస్ ఫైళ్లను పాడుచేసినా అంతే. పాడైనవే 'తాజావి' కనుక అవే అవతలికి వెళతాయి.

అందుకే సెట్టింగుల్లో ఫైళ్లు ఎటు నుంచి ఎటు వెళ్లాలో తేల్చే ఆప్షన్ దగ్గర కాస్త ఆగాలి. ఉచితంగా దొరికే ఫ్రీఫైల్‌సింక్‌నే తీసుకుంటే 'టూ వే'లో మార్పులు రెండు వైపులా ప్రయాణిస్తాయి. 'అప్‌డేట్' కొత్తవాటిని, మారినవాటిని ఎడమ నుంచి కుడికి చేరవేస్తుంది, దేన్నీ చెరపదు. 'మిర్రర్' మాత్రం పేరుకు తగ్గట్టే అద్దం. ఎడమవైపు లేనిదేదీ కుడివైపున మిగలనివ్వదు. కొత్తగా కొన్న ఖాళీ డిస్కును పొరపాటున ఎడమన, పదేళ్ల ఫోటోలను కుడివైపున పెట్టినవారి సంగతి చెప్పనక్కర్లేదు. ఏది కాపీ అవుతుందో, ఏది పోతుందో 'కంపేర్' నొక్కగానే జాబితా వస్తుంది. దాన్ని చదివే ఓపిక ఎందరికి?

ఆర్‌సింక్ మరీ ముక్కుసూటిది. మూల ఫోల్డరు పేరు చివర చిన్న స్లాష్ గీత ఉంటే లోపలి సరుకు మాత్రమే వెళుతుంది, లేకుంటే ఫోల్డరుతో సహా వెళుతుంది. దీనికి 'డిలీట్' ఆప్షన్ తోడైతే ఆ గీత చాలా ఖరీదైనదే. ఏం జరగబోతోందో చెప్పి, ఏమీ చేయకుండా ఆగిపోయే 'డ్రై రన్' అందుకే ఉంది.

మరో పేచీ గడియారంతో. ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లు ఫైలు మారిన సమయాన్ని రెండు సెకన్ల లెక్కన రాసుకుంటాయి. ఆ తేడాను పట్టించుకోవద్దని చెప్పకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లకు ముట్టుకోని ఫైలు కూడా మారినట్టే కనిపిస్తుంది. పైగా అవి రాసుకునేది స్థానిక సమయం. ఏటా గడియారాన్ని గంట ముందుకూ వెనక్కూ జరిపే అమెరికాలో పాత ఫైళ్లన్నీ ఒక్క రాత్రిలో గంట తేడాతో ప్రత్యక్షం కావచ్చు. ఈ బాధ మన దేశంలో లేదు.

ఒకే ఫైలును ఇద్దరు రెండుచోట్ల మార్చితే? డ్రాప్‌బాక్స్ రెండింటినీ కలిపే సాహసం చేయదు, ఒకదాన్ని వేరే పేరుతో పక్కన పెడుతుంది. చెరిపిన ఫైళ్లను ఉచిత ఖాతాలో 30 రోజుల దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు. మధ్యలో ఏ కంపెనీ సర్వరూ లేకుండా కంప్యూటర్ల మధ్యే ఫైళ్లు పంపే సింక్‌థింగ్‌లో ఆ వెసులుబాటు దానంతటదే రాదు. పాత ప్రతులు దాచే 'వెర్షనింగ్'ను ప్రతి ఫోల్డరుకూ విడిగా ఆన్ చేయాలి. అప్పుడూ అవతలి యంత్రం నుంచి వచ్చిన మార్పులకే రక్షణ. మన చేత్తో ఇక్కడ చెరిపినదాని పాత ప్రతి ఇక్కడ ఉండదు, అవతలి కంప్యూటర్‌లో వెర్షనింగ్ ఆన్ చేసి ఉంటే అక్కడ వెతుక్కోవాలి. కాబట్టి రెండుచోట్లా ఆన్ చేయాల్సిందే. ఆపైన సింక్‌తో సంబంధం లేని మరో డిస్కుకు వారానికోసారి కాపీ చేసి, పని కాగానే తీగ పీకి బీరువాలో పెట్టేయాలి.