టెర్రస్ ఇవ్వకపోతేనేం.. తీగ చాలు!

పరీక్ష పాసయ్యారు. హామ్ రేడియో లైసెన్సు, కాల్‌సైన్ చేతికొచ్చాయి. సెట్టూ కొనేశారు. ఇక ప్రపంచంతో మాట్లాడటమే అనుకుంటుండగా 'టెర్రస్ మీద ఆ కడ్డీలవీ కుదరవు' అంది అపార్ట్‌మెంట్ సంఘం. అంతే, సెట్ అటకెక్కింది! నా సెట్ అయితే ఆర్నెల్లు అక్కడే ఉంది. మీరా తప్పు చేయకండి.

యాంటెన్నా అంటే టవరే కానక్కర్లేదు. 143ని మెగాహెర్ట్జ్‌లతో భాగించండి, డైపోల్ పొడవు మీటర్లలో వచ్చేస్తుంది. 14.2కి సుమారు 10 మీటర్ల తీగ. 145కి మీటరు చాలు.

మరి ఎక్కడ కట్టాలి? గొడవెందుకని చాలామంది గదిలోనే కట్టాలనుకుంటారు. అమెరికా వీడియోల్లోనూ అదే చూపిస్తారు. కానీ వాళ్ల ఇంటి పైకప్పు చాలాచోట్ల చెక్కది. మనది ఇనుప కడ్డీల శ్లాబు. సిగ్నల్‌ని అదే అడ్డుకుంటుంది. పైగా ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్ల రొద. అందుకే లోపల నీటుగా కట్టినదానికంటే బయట అడ్డదిడ్డంగా కట్టిన తీగే చాలాసార్లు నయం.

మోటార్లకు చుట్టే సన్నటి వైండింగ్ తీగ తీసుకోండి. బాల్కనీ నుంచి పిట్టగోడ దాకా లాగితే, నాలుగడుగులు వెనక్కొచ్చి చూసినా కనిపించదు. చోటు చాలకపోతే చివర్లు వంచండి, పర్లేదు. తీగకీ వీల్లేదా? మీటరు వెడల్పున్న మాగ్నెటిక్ లూప్‌ని బాల్కనీలో పెట్టి, పనయ్యాక లోపలికి తెచ్చేసుకోవచ్చు. అయితే తక్కువ పవర్‌కే దాని కెపాసిటర్ దగ్గర వెయ్యి వోల్టులు దాటొచ్చు. మాట్లాడేటప్పుడు దూరంగా ఉండండి, పిల్లల్ని రానివ్వకండి.

రెండు విషయాల్లో రాజీ వద్దు. తీగ తెగిపడినా కరెంటు తీగల్ని తాకనంత దూరంలో ఉండాలి. వాన మబ్బు కనిపిస్తే, ఉరమకముందే సెట్ నుంచి యాంటెన్నా తీసేయాలి.

చివరగా అసలు మాట. యాంటెన్నాని కంటికి దాచండి, మనుషులకు దాచకండి. రహస్యంగా కడితే, పక్కింటి టీవీ చెడిపోయినా నేరం మీదే అవుతుంది. నేను లైసెన్సు కాగితం, తీగ ముక్క పట్టుకుని సంఘం ప్రెసిడెంట్ అంకుల్ దగ్గరకెళ్లా. 2004 సునామీ అప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, ఇలాంటి సెట్లతోనే అక్కడున్న హామ్‌లు కబుర్లు చేరవేశారని చెప్పా. ఆ బృందాన్ని పంపింది మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోనేనని చెప్పా. ఆయన తీగని వేళ్ల మధ్య పట్టుకుని చూశారు.

"ఇంతేనా బాబూ? బట్టలారేసే తీగే దీనికంటే లావుంటుంది. కట్టుకో."

ఆర్నెల్లు నేను అడగని మాట అది. మీరు ఈ ఆదివారమే అడిగేయండి.