శిశుపోషణము: రెండవ నువ్వుండ

ఈ మిరపకోతల దినములలో మా వాకిట ఒక చిన్న పరీక్ష చేసి సిగ్గుపడితిమి. మా మనుమని యెదుటను, తొడిమలు తీయవచ్చిన యొకామె కూతురి యెదుటను చెరియొక నువ్వుండ నుంచి, ‘మేము లోనికి పోయి వచ్చువరకు తినకున్నచో రెండవది యిత్తుము’ అంటిమి. ఇరువురును ఐదేండ్లవారే. మనుమడు చేతులు వెనుకకు కట్టుకొని గోడవంక చూచుచు నిలిచెను. ఆ బాలిక మేము గడప దాటకమున్నే తినివేసెను. పిల్లకు నిగ్రహము తక్కువ యని మనసున ననుకొంటిమి.

ఈ పరీక్ష మా కల్పనము గాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బింగ్ శిశుపాఠశాలలో, 1960 దశకపు చివర, వాల్టర్ మిషెల్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు మార్ష్‌మాలో యను మెత్తని మిఠాయి మొదలగువానితో దీనిని నడపెను. ఓర్చిన పిల్లలు పెద్దవారై చదువులో మెరుగుగా నుండిరని 1990లో ప్రకటితమైనది. అంతట తల్లులు దీనిని జాతకముగా నెంచసాగిరి! 2018లో 900కు పైగా పిల్లల వివరములతో మరల పరిశీలింపగా ఆ సంబంధము సగమునకు దిగెను. ఇంటి స్థితిగతులను లెక్కకు దెచ్చినపుడు మరియు క్షీణించెను.

బాలిక తల్లి మాకు వేరొక విధముగా బోధపరచినది. “శనివారం కూలిస్తానని మేస్త్రి మూడు వారాలు తిప్పాడమ్మా. అది కొనిపెడతా ఇది కొనిపెడతా అని నేనూ దీనికి చెప్పాను, కొనలేదు. చేతిలో పడ్డదే మనదని దానికి తెలుసు” అని తొడిమలు తీయుచునే పలికెను.

2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధనము సరిగా నిదియే. ఇరువదియెనమండుగురు పిల్లలకు మంచి రంగులు తెచ్చియిత్తుమని చెప్పి, సగముమందికి తెచ్చిరి, తక్కినవారికి లేవనిరి. పిదప మిఠాయి పరీక్షలో, మాట చెల్లినవారు సగటున 12 నిమిషములు ఆగిరి. చెల్లనివారు మూడే నిమిషములు. తొందరపడిన పిల్లలు తెలివిమాలినవారా? మా కట్లు తోచదు.

మన గుంటూరు, ప్రకాశము సీమలలో ‘పత్తి అమ్మినాక’, ‘మిరపకు ధర వచ్చినాక’ అను మాట వినని బిడ్డ యెవ్వరు? ధర పడినచో బస్తాలు శీతల గిడ్డంగికి పోవును; వానితోబాటు పట్టులంగా మాటయు పోవును. తండ్రులు చేయునది లేదు, నిజమే. కాని ఆ మాట నిచ్చినది మనము. బిడ్డ లెక్కలో తప్పినదియు మనమే. ధరను నమ్ముకొన్న వస్తువును బిడ్డకు మాట యీయకుండుట మన చేతిలోనిదే గదా. సాయంకాలము కథ చెప్పుదుమనుట, ఆదివారము గారెలు వండుదుమనుట ఏ ధరకును లోబడవు.

ఇంట నీ యాట యాడదలచిన సోదరీమణులు తినుబండారమును గిన్నెక్రింద మూసియుంచవలెను. కంటి కగపడనిచో పిల్లలు చాలసేపు ఓర్తురని మిషెలే కనుగొనెను. రెండవది ముందుగనే వండి సిద్ధముగా నుంచుకొనవలెను.

ఆ బాలికకు మరల ఒక ఉండ చూపి, పొద్దుగూకిన పిదప యిత్తుమంటిమి. అంతలో రెండుమార్లు వచ్చి మా చేతులు చూచిపోయెను. దీపాలవేళకు ఇచ్చితిమి. తీసికొని, సగము విరిచి తల్లి నోట బెట్టెను.